పిల్లికి కడుపు పాడైందా? ముందు ఒంటికా రెంటికా తేల్చుకోండి

పిల్లికి కడుపు బాగాలేదని తెలిసిన మొదటి గంటలో కంగారుపడి దాని నోట్లో ఏదో ఒకటి పోసేస్తాం చూడండి, చాలాసార్లు అసలు జబ్బు కంటే అదే ఎక్కువ చెరుపు చేస్తుంది. ఎవరినో అనట్లేదు, నా సంగతే చెప్తున్నా. రెండేళ్ల కిందట, కడపలో మే నెల ఎండలు, మా కిట్టుగాడు పొద్దున్నుంచి ఇసుక ట్రేలో కూర్చోవడం, ముక్కడం, లేచి అటు తిరిగి మళ్లీ కూర్చోవడం. మా అమ్మ చూసి "పాపం, దొడ్డికి గట్టిపడినట్టుంది, చెంచాడు ఆముదం పొయ్‌రా" అంది. పోశాను. సగం నా చొక్కా మీద పడింది, సగం వాడి గొంతులోకి పోయింది, దగ్గాడు, మంచం కిందికి దూరాడు. సాయంత్రానికి కక్కడం మొదలుపెట్టాడు.

డాక్టర్ వాడి పొట్ట కింద చెయ్యి పెట్టి ఒక్కసారి నొక్కి చూసి, "రెంటికి కాదయ్యా, వీడికి ఒంటికి రావట్లేదు" అన్నాడు. నా చెయ్యి కూడా తీసుకెళ్లి అక్కడ పెట్టించాడు. నిమ్మకాయ కంటే పెద్దగా, రాయిలా గట్టిగా తగిలింది. నిండిపోయిన మూత్రపు సంచి. మత్తిచ్చి సన్నటి గొట్టం వేసి తీశాడు కాబట్టి వాడు ఇప్పుడు నా పక్కనే పడుకుని గురక పెడుతున్నాడు.

అందుకే ఈ వరుసలో చేయండి. వరుస మార్చకండి.

మొదటి పని: ఒంటికా, రెంటికా

పిల్లి ట్రేలో కూర్చుని ముక్కుతోంది అంటే మలబద్ధకం అని అనుకోకండి, ముఖ్యంగా మగ పిల్లి అయితే. మగ పిల్లులకు మూత్రనాళం చాలా సన్నం, చిన్న రాయో, జిగట ముద్దో అడ్డం పడితే చాలు, పూర్తిగా మూసుకుపోతుంది. అలా మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదికి వస్తుంది. ట్రేలో ఇసుక కదిపి చూడండి, తడి ముద్దలు ఉన్నాయా లేవా? బయట తిరిగే పిల్లి అయితే బాత్రూంలో ట్రే పెట్టి, నీళ్లు పెట్టి, రెండు మూడు గంటలు తలుపు వేసి ఉంచండి, తెలిసిపోతుంది. మాటిమాటికీ కూర్చుంటోంది, చుక్క కూడా పడట్లేదు, కింద తెగ నాకుతోంది, అరుస్తోంది, పొట్ట ముట్టుకోనివ్వట్లేదు అంటే ఇక చదవడం ఆపి ఆటో పిలవండి. రాత్రయినా సరే.

ఒంటికి బాగానే వస్తోందని తేలాకే మిగతాది.

ఇప్పుడు రెంటికి సంగతి: చూడాలి, ముక్కు మూసుకునైనా చూడాలి

పిల్లి తన పెంట తనే కప్పెట్టుకుంటుంది, కాబట్టి మనం తవ్వితే తప్ప తెలీదు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద పిల్లి రోజుకు ఒకసారి అటూ ఇటూగా వెళ్తుంది. గోధుమ రంగు, వేలి ఆకారం, ఇసుక కాస్త అంటుకునేంత తడి. చిన్న కూనలు ఇంకా ఎక్కువసార్లే వెళ్తాయి, దానికి భయపడక్కర్లేదు.

మా ఇంట్లో కింద నల్ల కడప బండలు. వేసవిలో పిల్లికి అవి స్వర్గం, పొట్ట ఆనించి బారుగా పడుకుంటుంది. కానీ బండ మీద విరేచనం చేస్తే అందులో నలుపు ఉందా, నెత్తురు ఉందా ఏమీ కనబడదు. తెల్ల టిష్యూ కాగితం తెచ్చి అద్ది, వెలుతురులోకి తీసుకెళ్లి చూడండి. తారులా నల్లగా, జిగటగా ఉంటే పైన, పొట్టలోనో చిన్నపేగులోనో నెత్తురు కారుతున్నట్టు. ఎర్రటి చారలు, జెల్లీలాంటి బంక ఉండి, కొంచెం కొంచెంగా పదిసార్లు వెళ్తుంటే పెద్దపేగు వాచినట్టు. ఒక్కోసారి ఎక్కువెక్కువ నీళ్లలా పోతూ, పిల్లి రోజురోజుకూ చిక్కిపోతుంటే అది చిన్నపేగు గొడవ అనుకోవచ్చు. ఉడికిన బియ్యపు గింజల్లాంటివి అంటుకుని కదులుతుంటే బద్దెపురుగు ముక్కలు. దారాల్లా, సేమ్యాలా పొడుగ్గా ఉంటే ఏలికపాములు. ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి, డాక్టర్‌కు మీరు పావుగంట వర్ణించే దానికంటే అదే నయం.

తర్వాత పిల్లిని చూడండి

పై పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి. గులాబీ రంగులో, తడిగా ఉండాలి. వేలికి అంటుకునేలా ఎండిపోయి ఉంటే ఒంట్లో నీళ్లు తగ్గాయి. తెల్లబడితే రక్తం తక్కువ, పసుపు తిరిగితే కాలేయం. మెడ వెనక తోలు పట్టుకుని లాగి వదిలితే టక్కున వెనక్కి పోవాలి, నెమ్మదిగా పోతే మళ్లీ నీళ్ల లోటే, కాకపోతే ముసలి పిల్లుల్లో తోలు ఎలాగూ వదులుగా ఉంటుంది కాబట్టి ఈ ఒక్క పరీక్షే నమ్ముకోకండి.

బరువు కూడా చూడాలి. పిల్లిని ఎత్తుకుని మిషన్ ఎక్కి, తర్వాత దాన్ని దించి మీరొక్కరే ఎక్కి తీసేయండి. 4 కిలోల పిల్లి 400 గ్రాములు తగ్గిందంటే 40 కిలోల మనిషి 4 కిలోలు తగ్గినట్టు. మనకు చూడ్డానికి ఏమీ తెలీదు, బొచ్చు కప్పేస్తుంది.

ఈ కింద చెప్పినవి ఏ ఒక్కటున్నా ఇంటి వైద్యం వద్దు. కూన అయి ఉండి వాంతులు విరేచనాలు రెండూ అవుతుండటం. నీళ్లు తాగినా కక్కేయడం. నెత్తురు. మూలన నక్కి, పిలిస్తే పలకకపోవడం. పూర్తిగా తిండి మానేసి ఒక రోజు దాటడం, ఎందుకంటే పిల్లి, అందులోనూ లావు పిల్లి, రెండు మూడు రోజులు తినకపోతే ఒంట్లో కొవ్వు కాలేయంలోకి చేరి అది పాడవుతుంది, మనం లంఘనం పరమౌషధం అంటామే, ఆ మాట పిల్లికి చెల్లదు.

టీకాలు వేయించని కూనకు జ్వరం, వాంతులు, దుర్వాసన కొట్టే విరేచనాలు అంటే పిల్లుల పార్వో కావచ్చు, పాన్‌ల్యుకోపీనియా అంటారు. కుక్కల పార్వోకి దగ్గరి చుట్టం. గంటల్లో పడేస్తుంది. ఆ వైరస్ ఇంట్లో ఏడాది దాకా బతకగలదు, ఫినాయిల్‌కు చావదు, నీళ్లలో కలిపిన బ్లీచింగ్‌కు చస్తుంది. కాబట్టి ఒక కూన పోయిన ఇంట్లోకి వెంటనే ఇంకో కూనను తేకండి. టీకా 6 నుంచి 8 వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకొకసారి 16 వారాలు వచ్చేదాకా వేయిస్తారు.

పెట్టకూడనివి

పారాసిటమాల్ ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఒళ్లు వేడిగా ఉందని సగం మాత్ర వేసినా పిల్లి చచ్చిపోవచ్చు, దాన్ని అరగదీసే శక్తి పిల్లి కాలేయానికి లేదు. నెత్తురు ఆక్సిజన్ మోయలేక చిగుళ్లు కాఫీ రంగుకు తిరుగుతాయి, మొహం వాస్తుంది. మనుషులకు విరేచనాలు కట్టే మాత్రలు, మెడికల్ షాపులో "పిల్లలకు ఇచ్చేదే సార్" అని ఇచ్చే సిరప్పులు కూడా అంతే, డాక్టర్ మోతాదు చెప్పకుండా వేయొద్దు. మెట్రోనిడజోల్ అనే విరేచనాల మాత్ర చాలామంది ఇంట్లో ఉంటుంది, అది విపరీతమైన చేదు, పిల్లి నురగ కక్కుకుంటూ ఇల్లంతా పరిగెడుతుంది, మోతాదు ఎక్కువైతే తూలిపోతుంది.

ఆముదం, నూనె, నెయ్యి బలవంతంగా పోయడం. నేను చేసిన పనే. నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా. మనుషుల ఎనిమాలు ఇంకా ఘోరం, వాటిలో ఫాస్ఫేట్ ఉండే రకాలు పిల్లిని చంపుతాయి.

ఇక పాలు. మన సామెతల్లో పిల్లి ఎప్పుడు చూసినా పాలే తాగుతుంటుంది, కళ్లు మూసుకుని మరీ. నిజానికి పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలలో చక్కెర అరగదు, లూజ్ మోషన్స్ పట్టుకుంటాయి. "మా పిల్లికి రెండు నెలల నుంచి విరేచనాలు" అని అడిగినవాళ్లలో నేను చూసినంతవరకు సగం మంది రోజూ గిన్నెడు పాలు పోస్తున్నవాళ్లే. నాలుగు రోజులు పాలు ఆపి చూడండి, అదే మందు. తల్లి లేని కూనలకు కూడా ఆవు పాలు కాదు, పిల్లి కూనల కోసమే చేసిన పాలపొడి దొరుకుతుంది.

ఉల్లి, వెల్లుల్లి పడిన కూర కలిపిన అన్నం వద్దు. అవి పిల్లి రక్తకణాలను పగలగొడతాయి. మన కోడికూరలో ఉల్లి వెల్లుల్లి లేకుండా ఉంటుందా, కాబట్టి మిగిలిన పులుసు గిన్నె దానికి నాకించే అలవాటు మానుకోండి. ఉడికిన బొక్కలు కూడా, విరిగి సూదుల్లా అవుతాయి.

విరేచనాలు, కానీ పిల్లి హుషారుగా ఉంది

పెద్ద పిల్లి, ఆడుకుంటోంది, తింటోంది, నీళ్లు తాగుతోంది, పెంట మాత్రం పేస్టులా ఉంది. అప్పుడు ఒకటి రెండు రోజులు ఇంట్లో చూసుకోవచ్చు. కోడి బ్రెస్ట్ ముక్క నీళ్లలో ఉడికించండి. ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి ఏమీ వద్దు, మనకు చప్పగా అనిపిస్తుంది, తినేది మనం కాదు కదా. ఆ ముక్కను దారాల్లా పీకి, ఉడికిన నీళ్లు రెండు చెంచాలు కలిపి, ఇష్టపడితే ఒక చెంచా మెత్తటి అన్నం కలిపి, రోజుకు నాలుగైదుసార్లు కొంచెం కొంచెం పెట్టండి. పూర్తిగా పస్తు పెట్టకండి. తగ్గాక పాత తిండిలోకి మూడు నాలుగు రోజుల్లో మెల్లగా రండి. ఈ చప్పటి కోడి నెలల తరబడి పెట్టేది కాదు, అందులో పిల్లికి కావాల్సినవన్నీ ఉండవు.

అసలు ఏం మారింది అని వెనక్కి ఆలోచించండి. కొత్త ప్యాకెట్ తిండి ఒక్కసారిగా మార్చారా? అలా మార్చకూడదు, వారం పది రోజులు పాతది తగ్గిస్తూ కొత్తది పెంచాలి. చికెన్ షాపువాడు ఊరికే ఇచ్చే పచ్చి వేస్ట్ పెట్టారా? ఎండకు గిన్నెలో తడి తిండి పొద్దున్నుంచి సాయంత్రం దాకా వదిలేశారా? మన ఎండలకు తడి తిండి గంట దాటితే తీసి పారేయడమే.

రెండు రోజులకు తగ్గకపోయినా, తగ్గి మళ్లీ వచ్చినా పెంట పరీక్ష చేయించాలి. జియార్డియా, కాక్సీడియా లాంటి పేగుల్లోని సూక్ష్మజీవులు కంటికి కనబడవు, మైక్రోస్కోప్‌లో చూసి దానికి తగ్గ మందు ఇస్తారు, మామూలు నులిపురుగుల మందుకు అన్నీ పోవు. పదేళ్లు దాటిన పిల్లి నెలల తరబడి చిక్కుతూ విరేచనాలో వాంతులో చేసుకుంటుంటే థైరాయిడ్, కిడ్నీ, పేగుల్లో గడ్డ, ఇలా చాలా ఉంటాయి, రక్త పరీక్ష లేకుండా తేలదు.

గట్టిపడితే

రెండు రోజులు రెంటికి రాలేదంటే డాక్టర్‌కు ఫోన్ చేయండి, మూడో రోజు దాకా లాగొద్దు. మేకపెంటికల్లా చిన్నగా, ఎండిపోయి, గట్టిగా వస్తుంటే మాత్రం ఇంకా మన చేతిలోనే ఉంది. వేసవిలో కర్నూలు, అనంతపురం, కడప మూడు చోట్లా ఇదే కథ, ఎండలు 40 డిగ్రీలు దాటతాయి, పిల్లి పుట్టుకతోనే నీళ్లు తక్కువ తాగే జంతువు, పైగా మనం పెట్టేది పొడి తిండి. డ్రై ఫుడ్‌లో నీరు పది శాతం అటూ ఇటూ, తడి తిండిలో 75 శాతం పైనే. 4 కిలోల పిల్లికి తిండిలోదీ గిన్నెలోదీ కలిపి రోజుకు సుమారు 200 మిల్లీలీటర్లు అందాలి.

మాకు పనిచేసినవి ఇవి. నీళ్ల గిన్నె తిండి గిన్నె పక్కన కాకుండా దూరంగా, ఇంట్లో మూడు చోట్ల. వెడల్పాటి మట్టి మూకుడులో, మీసాలు అంచుకు తగలకుండా. కోడి ఉడికించిన చప్పటి నీళ్లు చల్లార్చి రెండు పూటలా. పొడి తిండిని గోరువెచ్చటి నీళ్లలో పది నిమిషాలు నానబెట్టడం. తీపి గుమ్మడికాయ, అంటే కూర వండుకునేది, దిష్టికి కట్టే బూడిద గుమ్మడి కాదు, ఉప్పు లేకుండా ఉడికించి మెత్తగా మెదిపి ఒకటి రెండు టీ చెంచాలు తడి తిండిలో. ఇసబ్‌గోల్ అయితే పావు చెంచా, అదీ బాగా నీళ్లు కలిపిన తిండిలోనే, పొడిగా వేస్తే అది లోపలి నీటినే పీల్చి ఇంకా గట్టి చేస్తుంది. వీటికి రాకపోతే పెంటను మెత్తబరిచే లాక్టులోజ్ సిరప్ డాక్టర్ బరువు చూసి రాస్తాడు.

ట్రే కూడా చూసుకోండి. కంపు కొడుతున్న ట్రేలోకి వెళ్లడం ఇష్టంలేక పిల్లి ఆపుకుంటుంది, ఆపుకున్న కొద్దీ గట్టిపడుతుంది. ఎన్ని పిల్లులుంటే అన్ని ట్రేలు, పైన ఇంకొకటి అని లెక్క. రోజూ తీయాలి. ఇంట్లో కడుపుతో ఉన్నవాళ్లుంటే ఆ పని వాళ్లకు పెట్టకండి, పిల్లి పెంట నుంచి టాక్సోప్లాస్మా అనే జీవి సోకే ప్రమాదం ఉంది, బయటికొచ్చిన ఒకరోజు తర్వాత నుంచే అది అంటుకునే స్థితికి వస్తుంది, కాబట్టి ఏ రోజుది ఆ రోజు వేరేవాళ్లు తీసేయడమే మంచిది. ఇంకో మాట, ఎప్పుడైనా బండి గుద్ది నడుము ఎముక విరిగి అతుక్కున్న పిల్లి అయితే దారే ఇరుకైపోతుంది, దానికి జీవితాంతం మందు పడాల్సి రావచ్చు.

కక్కుతుంటే

వెంట్రుకల ఉండ నెలకో రెండు నెలలకో ఒకటి కక్కడం మామూలే, రోజూ దువ్వితే తగ్గుతుంది. మెడ చాచి, నేలకు ఒదిగి దగ్గుతూ ఏమీ రావట్లేదంటే మాత్రం అది ఉబ్బసం కావచ్చు, వీడియో తీసి చూపించండి.

భయపడాల్సింది దారానికి. మన ఇళ్లలో పూలదారం ఎక్కడపడితే అక్కడ ఉంటుంది, పొద్దున మూర పూలు పెట్టుకోవడం, రాత్రికి వాడిన దండ కిటికీలో పెట్టడం. గాలిపటాల దారం, కుట్టు దారం, ఎమ్మిగనూరు ధర్మవరం వైపు మగ్గాలున్న ఇళ్లలో అయితే ఇక చెప్పక్కర్లేదు. పిల్లి నాలుక గరుకు ముళ్లు వెనక్కి వంగి ఉంటాయి, దారం ఒకసారి నోట్లోకి వెళ్తే ఉమ్మలేదు, మింగుతూ పోవాల్సిందే. ఒక కొస నాలుక కింద చిక్కుకుంటే మిగతా దారం మీద పేగు లంగాబొందు లాగినట్టు ముడతలు పడిపోతుంది, చివరికి కోసుకుపోతుంది. నోట్లోనో వెనకో దారం కొస కనబడితే లాగకండి. కత్తిరించకండి కూడా. అలాగే తీసుకెళ్లండి.

నులిపురుగులు

కూనలకు ఏలికపాములు తల్లి పాల నుంచే వస్తాయి, కాబట్టి ఇంట్లోనే పుట్టింది కదా అని వదిలేయకూడదు. మూడు వారాల వయసు నుంచి రెండు వారాలకొకసారి, రెండు నెలలు నిండాక ఆరు నెలలు వచ్చేదాకా నెలకొకసారి, తర్వాత మూడు నెలలకొకసారి. మోతాదు బరువును బట్టి. బద్దెపురుగు మాత్రం ఒంటి మీద గెంతే చిన్న పురుగులను, ఫ్లీస్ అంటారు, మింగడం వల్ల వస్తుంది, ఎలుకలను తిన్నా వేరే రకం వస్తుంది. అందుకే ఫ్లీస్‌కు మందు వేయకుండా కడుపుకు మాత్రమే వేస్తే రెండు నెలల్లో బియ్యపు గింజలు మళ్లీ ప్రత్యక్షం.

ఆస్పత్రికి వెళ్లేటప్పుడు

మన వైపు పశువుల ఆస్పత్రుల్లో ఎక్కువగా వచ్చేవి గేదెలు, గొర్రెలు, కుక్కలు. పిల్లిని చూడడం అలవాటున్న డాక్టర్ ఎవరో బాగున్నప్పుడే కనుక్కుని నంబర్ పెట్టుకోండి. 1962కు ఫోన్ చేస్తే వచ్చే అంబులెన్సు ముఖ్యంగా పాడి పశువుల కోసం, పిల్లికి దాన్నే నమ్ముకుని కూర్చోకండి. కేసు పెద్దదైతే ప్రొద్దుటూరులో వెటర్నరీ కాలేజీ ఉంది, తిరుపతిలో ఉంది.

బుట్ట లేకపోతే రెండు కూరగాయల ప్లాస్టిక్ బుట్టలు ఒకదాని మీద ఒకటి బోర్లించి తాడు కట్టండి, కింద మీ పాత చొక్కా వేయండి. చేతుల్లో పెట్టుకుని ఆటో ఎక్కారంటే కడప ఏడురోడ్ల కూడలి దగ్గర హారన్లకు గోళ్లు దిగిపోతాయి. సెలైన్ చర్మం కిందికి ఎక్కిస్తే భుజాల మీద ఎద్దు మూపురంలా లేస్తుంది, గంటకు అది జారి ఒక కాలి వైపు వస్తుంది, చూసి టెన్షన్ పడకండి, కొన్ని గంటల్లో ఇంకిపోతుంది.

పెంట నమూనా అప్పటికప్పుడు చేసింది, చిన్న మూత డబ్బాలో, ఇసుక అంటకుండా తీసుకోండి. రెండు గంటల్లో తీసుకెళ్లలేకపోతే ఫ్రిజ్‌లో పెట్టొచ్చు. కానీ డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాసి, కవర్లో కట్టి, కింద అరలో వెనక్కి పెట్టండి. మేం రాయలేదు. ఆ సాయంత్రం మా బావ సంగటి కంచం ముందు కూర్చుని, ఊరిబిండి పచ్చడి అనుకుని మూత తీశాడు.